ఉద్యోగం పిలిచింది.. మరి బండి?

ఆఫర్ లెటర్‌లో అన్నీ ఉంటాయి. జీతం ఎంతో, చేరాల్సిన తేదీ ఏదో, ప్రయాణ ఖర్చు ఎవరు భరిస్తారో, మొదటి పదిహేను రోజులు ఎక్కడ ఉండాలో అన్నీ రాసి పంపుతారు. బండి ఊసు మాత్రం ఎక్కడా ఉండదు. హైదరాబాద్ నుంచి గురుగ్రామ్‌కో, విశాఖ నుంచి పుణేకో, విజయవాడ నుంచి బెంగళూరుకో మూటాముల్లె సర్దుకుంటున్న కుర్రాళ్లకు సామానంతా ఒక ఎత్తయితే, సెల్లార్లో స్టాండు వేసి ఉన్న మోటార్‌సైకిల్ ఒక్కటే ఒక ఎత్తు.

"అమ్మేయరా, అక్కడికెళ్లాక కొత్తది కొనుక్కుందువుగానీ" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. వాళ్ల మాటలో లెక్క ఉంది. కానీ బండిని ప్రేమించేవాడి దగ్గర మరో లెక్క ఉంటుంది. క్లచ్ ఎంత వదిలితే పట్టుకుంటుందో ఎడమచేతి వేళ్లకు తెలుసు. మూడో గేరులో ఎక్కడ వణుకు మొదలవుతుందో అరికాళ్లకు తెలుసు. ట్యాంకుకు మోకాళ్లు ఆనే చోట రంగు మసకబారి ఉంటుంది. ఎడమ బూటు గేర్ లివర్‌కు రాసుకుని రబ్బరు ఒకవైపే అరిగి ఉంటుంది. ఇవేవీ ఓఎల్‌ఎక్స్ ప్రకటనలో ధర పలకవు. అందుకే ఏటా ఎంతోమంది ఆ బండిని రైల్లోనో, లారీలోనో, తామే నడుపుకుంటూనో దేశం ఆ చివర నుంచి ఈ చివరకు తీసుకెళ్తున్నారు. దూరం వాళ్లను పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఇబ్బంది పెట్టేది రాష్ట్రాల సరిహద్దు. అదీ రోడ్డు మీద కాదు, కాగితం మీద.

బండికీ ఒక సొంత రాష్ట్రం

దేశంలో ఎక్కడికైనా వెళ్లి స్థిరపడే హక్కును మనిషికి రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చింది. బండి విషయానికొస్తే అంత ధారాళం లేదు. అది ఏ రాష్ట్రంలో రిజిస్టరైతే ఆ రాష్ట్రానికి జీవితపన్ను కట్టి ఉంటుంది. నంబరు ప్లేటు మీద మొదటి రెండు అక్షరాలు చెప్పేది అదే.

ఆ రెండక్షరాల సంగతి తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైనప్పుడు హైదరాబాద్‌లో ఏపీ 09, ఏపీ 28 నంబర్ల బండ్లు ఉన్నచోటే ఉన్నాయి, కొత్తవి టీఎస్ అయ్యాయి. 2024 మార్చి నుంచి టీఎస్ కాస్తా టీజీ అయింది. అవతల ఆంధ్రప్రదేశ్ 2019లో జిల్లా కోడ్‌లు తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో ఒకటే వరస మొదలుపెట్టింది. ఇప్పుడు కూకట్‌పల్లిలో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి తొంగిచూసినా ఏపీ, టీఎస్, టీజీ మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 47వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి. పన్నెండు నెలల లోపైతే అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క తెలియక రోడ్డు పక్కన నిలబడి బతిమాలుకున్నవాళ్లు కొల్లలు.

బెంగళూరు కథ ఇక్కడ చెప్పుకోవాలి. 2014లో కర్ణాటక తన పన్ను చట్టాన్ని సవరించింది. బయటి రాష్ట్రం బండి 30 రోజులు దాటి ఉంటే జీవితపన్ను మొత్తం కట్టాల్సిందే అంది. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కేరళ నంబర్లతో ఐటీ ఆఫీసులకు వెళ్లే వాళ్లను ఆపి బండ్లు పట్టుకోవడం ఆ రోజుల్లో మామూలైపోయింది. వాహనదారులు కోర్టుకు వెళ్లారు. కేంద్ర చట్టం 12 నెలలు ఇస్తుంటే రాష్ట్రం 30 రోజులకు కుదించడం చెల్లదంటూ 2016 మార్చిలో కర్ణాటక హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. కోర్టు మెట్లెక్కిన ఆ కొద్దిమందికి ఉద్యోగం కోసం ఊరు మారే ప్రతి వాహనదారుడూ రుణపడి ఉంటాడు.

ఇందులో బైకువాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సిన మెలిక ఒకటుంది. కొత్త రాష్ట్రంలోకి ఎప్పుడు వచ్చారో చూపించమంటే కారువాడి దగ్గర ఫాస్టాగ్ లెక్క ఉంటుంది. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు. పక్క దారి నుంచి దర్జాగా వెళ్లిపోతాం, బాగానే ఉంటుంది. కానీ దాటినట్టు ఆనవాలేమీ మిగలదు. కాబట్టి సరిహద్దు దాటిన రోజు పెట్రోలు బిల్లు, రాత్రి దిగిన లాడ్జి రసీదు, రైల్లో పంపితే పార్సిల్ రసీదు, కంపెనీ ఇచ్చిన జాయినింగ్ లెటర్ ఫోన్లో భద్రపరచుకోవాలి. ట్రాఫిక్ పోలీసు ముందు వాదనకంటే తేదీ వేసి ఉన్న కాగితం బాగా పనిచేస్తుంది.

అమ్మడమా, తీసుకెళ్లడమా

ఏడాదిలోపు తిరిగి వచ్చేసే ప్రాజెక్టయితే ఆలోచించే పనే లేదు, ఉన్న నంబరుతో తీసుకెళ్లవచ్చు. రెండు మూడేళ్లు అనుకుంటే లెక్క వేసుకోవాలి. కొత్త రాష్ట్రంలో బండి వయసును బట్టి మళ్లీ పన్ను కట్టాలి. కర్ణాటకలాంటి చోట ఖరీదైన బైకులకు ఆ పన్ను గట్టిగానే ఉంటుంది. రవాణా ఖర్చు, ఇన్సూరెన్సులో చిరునామా మార్పు, కొత్త నంబరు ప్లేటు దీనికి అదనం.

మరోవైపు కొత్తది కొనడమూ అన్నివేళలా లాభం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అది దాటితే 40 శాతం. అంటే చిన్న బండిని అమ్మి అక్కడ కొత్తది కొనుక్కోవడం ఇప్పుడు కొంత తేలిక. హిమాలయన్ 450, కాంటినెంటల్ జీటీ 650 లాంటివి ఉన్నవాళ్లు మాత్రం ఉన్నదాన్ని వదులుకుంటే మళ్లీ అదే బండికి ఎక్కువ పెట్టాలి. పెద్ద బండి ఉన్నవాళ్లు వెంట తీసుకెళ్లడమే మేలు.

పాత బండ్ల ప్రేమికులది వేరే బాధ. యమహా ఆర్‌ఎక్స్ 100నే తీసుకుందాం. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఆ 98 సీసీ బండికి మన ఊళ్లలో ఇప్పటికీ ఎంత గిరాకీ ఉందో తెలిసిందే. తండ్రి నడిపిన ఆర్‌ఎక్స్‌ను కొడుకు బాగుచేయించుకుని, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుంటూ తిప్పుకోవడం కాకినాడలోనైనా కరీంనగర్‌లోనైనా మామూలే. ఆ కొడుక్కు నోయిడాలో ఉద్యోగం వస్తే? ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 జులైలో అలాంటి వాటికి పెట్రోలు పోయవద్దని ఢిల్లీలో ఆంక్ష మొదలై, జనం అభ్యంతరంతో రోజుల్లోనే ఆగింది. తర్వాత వ్యవహారం మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆదేశాలు మారుతూ వస్తున్నాయి కనుక బయల్దేరే ముందు ఆ వారం పరిస్థితి ఏమిటో కనుక్కోవడం తప్పనిసరి. ఎస్కార్ట్స్ సంస్థ ఢిల్లీ పొలిమేరల్లో తయారుచేసిన ఈ ఆర్‌ఎక్స్, పుట్టిన చోటికే వెళ్లలేని స్థితి ఇది.

వింటేజ్ కింద రాయించుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. 2021లో కేంద్రం తెచ్చిన ఆ నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు నిండాలి. 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. మొట్టమొదటి ఆర్‌ఎక్స్ 100కి యాభై నిండేది 2035లో. అప్పటిదాకా ఢిల్లీ వెళ్లే కొడుకు దాన్ని ఇంటి దగ్గరే ఉంచి, వారానికోసారి స్టార్ట్ చేయమని తమ్ముడికి అప్పగించి వెళ్లడమే మంచిది. అమ్మడం మాత్రం వద్దు.

పెన్సిల్ గీతల్లో ఛాసిస్ నంబరు

ఏడాది దాటి ఉండబోతున్నవాళ్లు సొంత ఆర్టీవో ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం, అందరూ అనేమాటలో ఎన్‌వోసీ, తీసుకోవాలి. ఫారం 28 నింపాలి. బండి మీద అప్పుంటే బ్యాంకు సమ్మతి కావాలి. పెండింగు చలాన్లన్నీ కట్టేయాలి. సిగ్నల్ దగ్గర గీత దాటినందుకు ఎప్పుడో పడ్డ వందా రెండొందలు కూడా ఇక్కడ అడ్డుపడతాయి.

ఆ ఫారం మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ అంటించాలి. ఎప్పుడూ తీయనివాళ్లకు ఇదో పరీక్ష. చాలా బండ్లకు ఆ నంబరు హ్యాండిల్ కింద, స్టీరింగ్ మెడ పక్కన కొట్టి ఉంటుంది. ముందు గుడ్డ పెట్టి కిరోసిన్‌తో మురికి తుడవాలి. పలచటి తెల్లకాగితం దాని మీద కదలకుండా అదిమిపట్టి, మెత్తటి పెన్సిల్‌ను అడ్డంగా పడుకోబెట్టి రాయాలి. గట్టిగా రాస్తే కాగితం చిరుగుతుంది, తేలిగ్గా రాస్తే ఎనిమిదేదో 'బి' ఏదో తెలియదు. ఆర్టీవో ఆఫీసు బయట టేబుల్ వేసుకుని కూర్చునే ఏజెంట్లు ఈ పని అర నిమిషంలో చేసేస్తారు. వాళ్లు సెల్లోటేపు కూడా వాడతారు. కాగితం మీద ఒక్కో అంకె తేలుతుంటే, ఇన్నేళ్లూ నడిపిన బండి అసలు పేరు చాలామందికి మొదటిసారి కనబడేది అప్పుడే.

ఎన్‌వోసీ ఏ రాష్ట్రానికి, ఏ ఆఫీసు పరిధికి అని రాసి ఇస్తారు. అందుకే ఇల్లు ఎక్కడ దొరుకుతుందో తేలకముందే తొందరపడి తీసుకోకూడదు. బెంగళూరులో కోరమంగళ అయితే కేఏ 01, ఇందిరానగర్ కేఏ 03, ఎలక్ట్రానిక్ సిటీ కేఏ 51, కె.ఆర్.పురం కేఏ 53. ముందు అద్దె అగ్రిమెంటు, తర్వాత ఎన్‌వోసీ.

దరఖాస్తు పెట్టాక ఎన్నాళ్లు తిప్పించుకుంటారోనన్న భయం అందరికీ ఉంటుంది. దానికీ చట్టంలో జవాబుంది. 48వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లోగా అధికారి పత్రం ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వడం లేదో రాతపూర్వకంగా చెప్పాలి. రెండూ చేయకపోతే పత్రం ఇచ్చినట్టే లెక్క. ఆ మాట వాడుకోవాలంటే దరఖాస్తు అందినట్టు రసీదు చేతిలో ఉండాలి.

కొత్త ఊళ్లో కొత్త నంబరు వచ్చాక పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి జీవితపన్ను వాపసు అడగవచ్చు. ఎంత వస్తుందో బండి వయసును బట్టి ప్రతి రాష్ట్రానికీ ఒక పట్టిక ఉంటుంది. అడిగేవాళ్లు మాత్రం తక్కువ. కొత్త ఆర్సీ పట్టుకుని పాత ఊరికి రావాలి, సెలవు పెట్టాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. వచ్చే డబ్బుకంటే తిరిగే ఖర్చే ఎక్కువవుతుందని వదిలేస్తారు. అలా ఒకే బండికి ఒకే కాలానికి రెండు రాష్ట్రాలకు పన్ను కట్టేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

ఈ చిక్కు తీర్చడానికే కేంద్రం 2021 ఆగస్టులో బీహెచ్ సిరీస్ ప్రకటించింది. సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి తెచ్చింది. ముందు సంవత్సరం, తర్వాత బీహెచ్, ఆ తర్వాత అంకెలు, అక్షరాలు ఉండే ఆ ప్లేటుతో ఏ రాష్ట్రానికి వెళ్లినా నంబరు మార్చక్కర్లేదు. పన్ను పదిహేనేళ్లకు ఒకేసారి కాకుండా రెండేళ్లకోసారి కట్టాలి. పది లక్షల లోపు పెట్రోలు బండికి 8 శాతం రేటు. 2022 డిసెంబరులో నిబంధనలు సవరించి, మామూలు నంబరున్న పాత బండ్లనూ ఇందులోకి మార్చుకునే వీలు కల్పించారు.

మరి అందరూ తీసుకోవచ్చా? సైన్యంలో ఉన్నవాళ్లు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వరంగ సంస్థల వాళ్లు తీసుకోవచ్చు. ప్రైవేటు ఉద్యోగి అయితే అతని కంపెనీకి నాలుగు లేదా అంతకుమించి రాష్ట్రాల్లో కార్యాలయాలు ఉండాలి. ఆ మేరకు ఫారం 60లో కంపెనీ ధ్రువీకరించి ఇవ్వాలి. గచ్చిబౌలిలో పెద్ద సంస్థ ఉద్యోగికి ఇది వరం. అదే గచ్చిబౌలిలో ముప్పైమంది పనిచేసే చిన్న కంపెనీ నుంచి పుణే వెళ్లే కుర్రాడికి లేదు. శ్రీకాకుళం నుంచి చెన్నైకి బండి మీద వెళ్లి ఏసీలు బాగుచేసుకునే మెకానిక్‌కు లేదు. బండి మీద భోజనం పార్సిళ్లు అందించే వాళ్లలోనూ ఎక్కువమందికి లేదు. పని కోసం అందరికంటే ఎక్కువగా ఊళ్లు మారేది వీళ్లే.

గడ్డి, గోనెపట్టా, తాడు

దూరం వెయ్యి కిలోమీటర్లు దాటితే చాలామంది చూపు రైలు వైపు పోతుంది. రైల్వేలో రెండు దారులున్నాయి. మీరూ అదే రైల్లో వెళ్తుంటే టికెట్ చూపించి లగేజీగా బుక్ చేయవచ్చు, ఖర్చు కాస్త ఎక్కువ, బండి మీతోపాటే దిగే అవకాశం బాగా ఉంటుంది. లేదంటే పార్సిల్‌గా వేయవచ్చు, ఏ రైల్లో చోటు దొరికితే దాంట్లో వెళ్తుంది. ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు నకలు చాలు.

సికింద్రాబాద్ పార్సిల్ ఆఫీసు దగ్గర కాసేపు నిలబడితే ఈ వ్యవహారమంతా కళ్లకు కడుతుంది. ముందు ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి. చుక్కంటే చుక్కే. రైల్లోకి ప్రమాదకర సరుకు తెస్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద జైలు శిక్ష కూడా ఉంది. తర్వాత బయట కూర్చునే ప్యాకింగ్ వాళ్లు పని మొదలుపెడతారు. అద్దాలు విప్పి సీటు కింద కట్టేస్తారు. హెడ్‌లైటు చుట్టూ గడ్డి, ట్యాంకు మీద అట్ట, దాని మీద గోనెపట్టా, సైలెన్సరుకు మరో పట్టా. దబ్బనంతో కుట్టి, కొబ్బరితాడుతో బిగిస్తారు. అట్టముక్క మీద లావుపాటి మార్కరుతో ఎక్కడి నుంచి ఎక్కడికో స్టేషన్ కోడ్‌లతో రాస్తారు. ఆ అట్ట ఊడితే బండి అనాథే. కనుక రెండు వైపులా రాయించి, పేరూ ఫోన్ నంబరూ మరో కాగితం మీద రాసి సీటు కింద కూడా పెట్టాలి.

ఫారంలో బండి విలువ రాసే గడి దగ్గర ఎక్కువమంది పొరపాటు పడతారు. విలువ ప్రకటించి దానికి తగ్గ అదనపు రుసుము కట్టకపోతే, నష్టం జరిగినప్పుడు రైల్వే బాధ్యత బరువును బట్టే ఉంటుంది. పార్సిల్‌కు కిలోకు 50 రూపాయలు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. అంటే రెండు లక్షల బండికి పదివేలు కూడా రాదు. కొద్దిపాటి రుసుముకు వెనకాడి ఆ గడిని ఖాళీగా వదలడం తెలివైన పని కాదు. బండి చేరాక తీసుకోవడంలో ఆలస్యమైతే వార్ఫేజ్ పేరుతో గంటల లెక్కన వసూలు చేస్తారు. కాబట్టి ఆ ఊళ్లో ముందే ఒకరికి చెప్పి ఉంచాలి.

ప్యాకర్స్ అండ్ మూవర్స్ సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. మంచివాళ్లున్నారు, సగం దారిలో సామాను ఆపి ఎక్కువ డబ్బు అడిగేవాళ్లూ ఉన్నారు. భారతీయ బ్యాంకుల సంఘం, ఐబీఏ, ఆమోదించిన రవాణాదారుల జాబితా ఒకటుంది. బ్యాంకు ఉద్యోగులు బదిలీ బిల్లులకు దాన్నే చూస్తారు. మిగతావాళ్లకూ అది మంచి వడపోత. అప్పగించే ముందు ఓడోమీటరు రీడింగుతో సహా నాలుగు వైపులా వీడియో తీసుకోవాలి. రవాణాలో దెబ్బతింటే మీ బండి పాలసీ వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. లేకపోతే ట్రాన్సిట్ ఇన్సూరెన్సు విడిగా తీసుకోవాలి.

ఒకే రోడ్డు, ఐదు నదులు

నడుపుకుంటూ వెళ్లిపోదామని మనసు లాగేవాళ్లు ఉంటారు. వాళ్లను ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపాల్సిన పనీ లేదు. తెలుగు నేల మీదుగా దేశంలోనే అతి పొడవైన జాతీయ రహదారి పోతోంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు రోడ్డు. పెనుకొండ, అనంతపురం, కర్నూలు దాటి హైదరాబాద్ వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరానికి పదిహేను వందల కిలోమీటర్ల పైచిలుకు పోతే ఢిల్లీ.

కామారెడ్డి దాటాక సోన్ దగ్గర గోదావరి. ఆదిలాబాద్ దాటగానే పెన్‌గంగ, అవతలి గట్టు మహారాష్ట్ర. నాగ్‌పూర్ తర్వాత పెంచ్ అడవి వస్తుంది. అక్కడ రోడ్డును స్తంభాల మీదికి ఎత్తి కింద జంతువులకు దారి వదిలారు. తొమ్మిది నిర్మాణాలు, వాటిలో పెద్దది 750 మీటర్లు. పైన లారీలు పోతుంటే కింద పులులు అటూ ఇటూ దాటడం కెమెరాల్లో నమోదైంది. బండి మీద పోయేవాడికి అక్కడ గాలి వాసనే మారిపోతుంది. నర్సింగ్‌పూర్ జిల్లాలో బర్మాన్ ఘాట్ దగ్గర నర్మద. సాగర్, లలిత్‌పూర్, ఝాన్సీ, గ్వాలియర్ దాటి మొరేనా, ధోల్‌పూర్ మధ్య చంబల్. కారులో ఏసీ వేసుకుని పోయేవాళ్లకు ఇవి వంతెనలు. బైకు మీద వెళ్లేవాడికి ప్రతి నది దగ్గరా ఒంటికి తగిలే చల్లదనం వేరు. చివర ఆగ్రాలో యమున.

అయితే చేరాల్సిన తేదీ నెత్తిన పెట్టుకుని ఈ దారి పట్టడం ప్రమాదం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీదివాళ్లే. రోజుకు నాలుగైదు వందల కిలోమీటర్లు మించకుండా, చీకటి పడకముందే దిగేలా చూసుకుంటే నాలుగు రోజులు పడుతుంది. చేరే తేదీకి ముందు కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోవాలి. ఆ వెసులుబాటు కంపెనీ ఇవ్వకపోతే బండిని రైలెక్కించి తామూ రైలెక్కడమే ఉత్తమం. డిసెంబరు, జనవరిల్లో గ్వాలియర్ దాటాక పొగమంచు ఎలా ఉంటుందో తెలుగువాడి ఊహకు అందదు. ఉదయం పది దాకా బండి తీయకూడదు.

రోడ్డు ఎంచుకునేటప్పుడు మ్యాపును గుడ్డిగా నమ్మకూడదు. ఎక్స్‌ప్రెస్‌వేలు చాలావాటి మీద బైకులకు ప్రవేశం లేదు. ముంబై-పుణే ఎక్స్‌ప్రెస్‌వే, ఢిల్లీ-ముంబై ఎక్స్‌ప్రెస్‌వే అలాంటివే. బెంగళూరు-మైసూరు ప్రధాన దారి మీద 2023 ఆగస్టు 1 నుంచి నిషేధం ఉంది. మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదా బైకులను రానివ్వరు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే రానిస్తుంది కానీ టోల్ తీసుకుంటుంది.

కొత్త ఊరు, కొత్త మెకానిక్కు

బండి చేరాక మొదట వెతకాల్సింది మెకానిక్కును. సర్వీస్ సెంటర్ ఎక్కడైనా ఉంటుంది. చెవితోనే లోపం పట్టేవాడు దొరకడానికి టైము పడుతుంది. స్పేర్ల కోసం ప్రతి నగరానికీ ఒక వీధి ఉంటుంది. హైదరాబాద్ వాళ్లకు పుత్లీబౌలి ఎలాగో, బెంగళూరుకు జేసీ రోడ్డు, చెన్నైకి పుదుపేట, ఢిల్లీకి కరోల్‌బాగ్, కోల్‌కతాకు మల్లిక్ బజార్ అలాగ. ఒక ఆదివారం ఆ వీధిలో తిరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలో దుకాణాలవాళ్లే చెబుతారు. భాష రాకపోయినా పాడైన ముక్క చేతిలో ఉంటే చాలు.

వాతావరణం బండి మీద వెంటనే ప్రభావం చూపిస్తుంది. హైదరాబాద్ నుంచి చెన్నైకో విశాఖకో మారితే ఉప్పుగాలికి చైను, స్పోకులు, సైలెన్సరు అతుకులు తుప్పు పడతాయి. కడగడం, చైనుకు నూనె వేయడం రెట్టింపు చేయాలి. ఢిల్లీ చలిలో కార్బురేటర్ బండికి చోక్ లాగక తప్పదు, పాత బ్యాటరీ మొదటి చలికే చేతులెత్తేస్తుంది. శబ్దం చేసే సైలెన్సరు మార్చి ఉంటే ఊరు మారే ముందే అసలుది పెట్టించాలి. బెంగళూరు, హైదరాబాద్, విశాఖ పోలీసులు వాటిని పట్టుకుని రోడ్డు రోలర్ కింద తొక్కించిన దృశ్యాలు చూసే ఉంటారు. బయటి నంబరు బండి అసలే కళ్లల్లో పడుతుంది.

ఒంటరితనానికి మందు కూడా బండే. తెలిసిన మొహం ఒక్కటీ లేని నగరంలో ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి పెట్రోలు బంకు దగ్గర గుమిగూడే రైడర్ల గుంపు కొత్తవాణ్ని ఊరూ పేరూ అడగదు, ఏ బండని అడుగుతుంది. హైదరాబాద్‌లో అనంతగిరి, నాగార్జునసాగర్ దారులు తిరిగినవాడికి బెంగళూరులో నంది కొండ, పుణేలో తామ్హిణీ ఘాట్, చెన్నైలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎదురుచూస్తుంటాయి. ఢిల్లీ వాళ్లు పరాఠాల కోసం ముర్తల్ వెళ్తారు. అదీ 44వ నంబరు రోడ్డు మీదే. అనంతపురం కుర్రాడు అక్కడ పరాఠా తింటున్నప్పుడు ముందున్నది తన ఊరి రోడ్డే. జులై రెండో ఆదివారం అంతర్జాతీయ జావా దినోత్సవం. జావా, యెజ్డీ మైసూరులో తయారైన బండ్లు కావడంతో బెంగళూరులో ఆ రోజు సందడే వేరు. పాత యెజ్డీ ఉన్న తెలుగువాడు అక్కడికి ఒక్కసారి వెళ్తే చాలు, సంవత్సరానికి సరిపడా స్నేహితులు దొరుకుతారు.

ఇది మారాలి

పౌరుడు రైలెక్కి దేశమంతా తిరగవచ్చు, ఫోన్ నంబరు మార్చుకోకుండా కంపెనీ మార్చుకోవచ్చు, ఒకే రేషన్ కార్డుతో ఏ రాష్ట్రంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. బండి దగ్గరకొచ్చేసరికి ప్రభుత్వ ఉద్యోగమో, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీలో ఉద్యోగమో ఉంటేనే ఆ సౌకర్యం. బీహెచ్ నంబరును కోరుకున్న ప్రతి వాహనదారుడికీ కేంద్రం తెరవాలి. సొంత పని చేసుకునేవాడు ఏ కంపెనీ సర్టిఫికెట్ తేగలడు? రాష్ట్రాలకు ఆదాయం తగ్గుతుందన్న భయం ఉంటే, బండి ఎక్కడ ఉంటే అక్కడికి రెండేళ్ల పన్ను చేరేలా లెక్క సరిచేసుకోవచ్చు.

జీవితపన్ను వాపసు కోసం మనిషిని పాత ఊరికి తిప్పడం ఈరోజే మానేయవచ్చు. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. పుణేలో కొత్త నంబరు పడిందన్న సంగతి కంప్యూటర్లో నమోదవుతుంది, మిగిలిన పన్ను ఎంతో పట్టిక చెబుతుంది, యజమానికి బ్యాంకు ఖాతా ఉంది. ఆదాయపు పన్ను రీఫండ్ ఎవరినీ అడగకుండా ఖాతాలో పడుతున్న ఈ దేశంలో బండి పన్ను రీఫండ్ మాత్రం ఎందుకు పడదో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలు చెప్పాలి. ఊరు మారుతున్నవాళ్లు ఆ దరఖాస్తు వదిలేయకుండా తప్పకుండా పెట్టాలి.